ఎడమవైపు దూది

జీవరత్నం టీచరు లోపలికి రాలేదు. చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే నిలబడింది.

"నా జాకెట్టు ముక్కలు రెండూ ఇచ్చెయ్ నఫీసా."

నఫీసా కత్తెర కింద పెట్టింది. "ఒకటి కోసేశానండీ టీచరుగారూ. రేపు సాయంత్రానికి కుట్టి ఇచ్చేస్తాను."

"కోసిందే ఇవ్వు. కోనేరు సెంటర్లో కుట్టించుకుంటాను."

"ఒకరు కోసింది ఇంకొకరు కుడితే భుజాలు జారతాయండీ."

"జారితే జారనీ. నా చంక కొలత నాకే తెలీదు, ఇండోనేషియా వాళ్లకి తెలుసంటగా. వాళ్లకే పంపిస్తే కుట్టి పంపుతారు."

పొద్దుటినుంచి ఇలా వెనక్కి వెళ్లినవి ఆరు. ఇది ఏడోది. కోసిన ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, గుండుసూది గుచ్చి, లైనింగు గుడ్డతో సహా కవర్లో పెట్టి ఇచ్చింది నఫీసా.

టీచరు కవరు అందుకుంది కాని వెంటనే కదల్లేదు. గొంతు తగ్గించింది. "నావంటే ఇంచీలు. పోతే పోయాయి. ఆ గుడివాడ ఆవిడ సంగతి తలుచుకుంటుంటే నాకు అన్నం సయించట్లేదు." లోపలి గదివైపు ఒకసారి చూసింది. "పిల్లని బాగా చదివించావు. సంతోషం."

ఆ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్న నౌషీన్‌కి ప్రతి మాటా వినబడింది.

టీచరు సందు మలుపు తిరిగాక నఫీసా లోపలికొచ్చింది. మూడు రోజుల్లో ఆమె కూతురితో మాట్లాడటం అదే మొదలు.

"అన్నీ తీసేశానన్నావు."

"మన ఫోల్డర్లోంచి తీసేశానమ్మా. మొన్ననే."

"తీసేస్తే వీళ్లంతా ఎందుకొస్తున్నట్టు?"

"కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర ఇంకా ఉన్నాయి. మూడొందల పన్నెండు కాపీలు. ఒక్కొక్కళ్లకీ రాస్తున్నా. రెండొందల మంది దాకా తీసేశారు."

"కాపీలు మూడొందలు దాటాయని పోయిన నెల సందంతా సేమ్యా పంచావు," అంది నఫీసా. "నేనే కాచి ఇచ్చాను."

నౌషీన్ తెరవైపు తిరిగింది.

'కొలత' ఆమె ఇంజినీరింగు చివరి ఏడాదిలో మొదలుపెట్టిన ప్రోగ్రాం. ఒంటి కొలతలు ఇస్తే జాకెట్టు కోతకి గీతలు గీసి ఇస్తుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, తమ ఊరి కుట్టుకి తగ్గట్టు మార్చుకోవచ్చు. అవనిగడ్డలో కుట్టుపని చేసుకునే అక్క ఆలియా దగ్గర మొదలై, నాలుగేళ్లలో ఢాకా, కొలంబో, ఇండోనేషియాలో సురబయ దాకా పాకింది. శుక్రవారం సాయంత్రాలు ఏడు దేశాల కుట్టుపనివాళ్లు, కోడ్ రాసేవాళ్లు ఫోన్లలో కలుసుకునేవారు. వాళ్లలో చాలామంది నౌషీన్‌లాగే ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాళ్లు.

ప్రోగ్రాం సరిగ్గా గీస్తోందో లేదో చూసుకోవాలంటే అసలైన కొలతలు కావాలి. నౌషీన్ తల్లి దగ్గరున్న కొలతల పుస్తకం తీసుకుని నలభై పేజీలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించింది. ఇంటిపేర్లు మాత్రం తీసేసింది. అది చాలనుకుంది. అక్షరక్రమంలో పేరిస్తే మొదటి పేజీ 'అన్నపూర్ణ, గుడివాడ' అయింది. కొత్తగా చేరేవాళ్లు ముందు ఆ మొదటి పేజీ కొలతలతో ఒక జాకెట్టు గీసి చూపించాలని నియమం పెట్టింది కూడా ఆమే.

ఆ పేజీ చివర నఫీసా తన గుర్తుకోసం ఒక మాట రాసుకుంది. "ఎడమవైపు దూది. లోపల జేబు. బరువు కుడివైపుకి సరిపోవాలి."

ఐదేళ్ల కిందట అన్నపూర్ణకి హైదరాబాదులో ఎడమ రొమ్ము తీసేశారు. చుట్టాలకి పిత్తాశయంలో రాళ్లని చెప్పారు. అసలు సంగతి భర్త బసవయ్యకీ, జాకెట్టు కుట్టే నఫీసాకీ, దూది ఏకి ఇచ్చిన ఆమె భర్త అల్లాబక్షుకీ తప్ప ఎవరికీ తెలియదు. నౌషీన్ ఆ మాటలు టైపు చేసింది కాని, ఎందుకు రాసి ఉంటుందని ఆగి ఆలోచించలేదు.

మూడు వారాల కిందట మన జిల్లా పిల్లలు కూడా చేరాలని పట్టుబట్టి పిలిచింది. చేరినవాళ్లలో హారిక ఒకతి. అన్నపూర్ణ తోడికోడలు రాజ్యలక్ష్మి కూతురు. మొదటి పేజీ తెరిచింది. తల్లికి చూపించింది. అక్కడినుంచి ఆ నలభై పేజీల సంగతి బందరు దాకా పాకింది.

"పుస్తకం నిన్ను అడిగే తీసుకున్నానమ్మా," అంది నౌషీన్. అనకూడదని తెలిసే అంది. "అందరూ వాడుకోవచ్చని కూడా చెప్పాను. మంచిదేగా అన్నావు."

"కోత సంగతి అనుకున్నా. నా కోత నలుగురికీ నేర్పుతున్నావనుకున్నా. నా కోత నాది, ఇచ్చాను. వాళ్ల ఒళ్లు నాదా ఇవ్వడానికి?"

వరండాలో పరుపు కుడుతున్న అల్లాబక్షు దబ్బనం ఆపాడు. ఆయన ఎప్పుడూ తల్లీకూతుళ్ల మధ్యకి రాడు.

"ఇంటిపేర్లు తీసేశావు సరే. ఊళ్ల పేర్లు ఎందుకుంచావు తల్లీ?"

"ఊరిని బట్టి కొలతల్లో తేడా ఉంటుందేమో చూడమన్నారు నాన్నా, మా కాలేజీ మాస్టారు."

"ఉందా?"

"లేదు."

ఆయన దారం కొరికాడు. "గుడివాడ నుంచి బందరొచ్చి జాకెట్టు కుట్టించుకునే అన్నపూర్ణలు ఎంతమంది ఉంటారనుకున్నావు?"

నఫీసా మిషను ముందు కూర్చుంది కాని తొక్కలేదు. కుట్టడానికి గుడ్డ లేదు.

* * *

మధ్యాహ్నం పన్నెండు దాటాక సురబయ నుంచి వులాన్ ఫోన్ చేసింది. ఆమెకి అక్కడ చిన్న కుట్టు దుకాణం ఉంది. ఆమె ఇంగ్లీషూ నౌషీన్ ఇంగ్లీషూ ఒకలాంటివే. ఇద్దరూ పెద్దయ్యాక నేర్చుకున్నారు.

"నా కాపీ తీసేశాను," అంది వులాన్. "కొలతలు పోయాయి. కానీ జేబు పేరు ఏం చెయ్యమంటావు?"

పేజీ చివరి ఆ మూడు మాటల అర్థం అందరికంటే ముందు పట్టుకున్నది వులానే. ఆపరేషన్ అయినవాళ్లకి జాకెట్టు లోపల దూది జేబు ఎలా అమర్చాలో గీసి, కోడ్ రాసేవాళ్ల పక్కన కూర్చుని ప్రోగ్రాంలో చేర్పించింది. దొరికిన పేజీ పేరే దానికి పెట్టింది. 'అన్నపూర్ణ.' 'కొలత'లో ఇప్పుడు అందరికంటే ఎక్కువమంది వాడేది అదే.

"పేరు మార్చెయ్యి అక్కా. ఇవాళే."

"మారుస్తాను. ఒక్క సంగతి విను. ఇక్కడ ఆడవాళ్లు దుకాణానికొచ్చి ఎడమ అని, కుడి అని చెప్పలేరు. పక్కన మనుషులుంటారు. నాకు అన్నపూర్ణ కావాలంటారు. నాకు తెలుస్తుంది. నేనింకేం అడగను." మళ్లీ తనే అడిగింది. "ఆమె నిజంగా ఉందా? మేం పాతకాలం దర్జీ ఎవరో అనుకున్నాం."

"ఉంది," అంది నౌషీన్.

"బాగుందా?"

నౌషీన్ తర్వాత చేస్తానని చెప్పి పెట్టేసింది.

* * *

అన్నపూర్ణ ఎప్పుడూ కారులో వచ్చేది. ఈసారి గుడివాడ బస్సు దిగి ఆటోలో వచ్చింది. డ్రైవరుకి కూడా తెలియకూడదనుకుందో ఏమో. మిట్టమధ్యాహ్నం ఎండలో సందు చివర దిగి నడిచి వస్తుంటే ఎదురింటి కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది.

"రండమ్మగారూ. కూర్చోండి."

"మంచినీళ్లియ్యి."

నీళ్లు తాగి, గ్లాసు తనే కింద పెట్టింది. నఫీసా ఆమె కాళ్ల దగ్గర కూర్చోబోయింది.

"ఆ పని చెయ్యకు. నాకు చిరాకు. బల్లమీద కూర్చో."

నఫీసా కూర్చుంది. అల్లాబక్షు లేచి వీధిలోకి వెళ్లబోతే, "మీరుండండి. మీకు తెలియనిదేముంది," అందావిడ.

అన్నపూర్ణే మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"నిన్న మా ఆడపడుచు మనవడికి అన్నప్రాసన. వెళ్లకపోతే నిజమే అనుకుంటారని వెళ్లాను. ఐదేళ్లలో నా ఎడమవైపు ఎవరి చూపూ ఆగలేదు నఫీసా. అంత బాగా కుట్టావు. నిన్న ప్రతి ఒక్కళ్లూ ముందు అక్కడ చూసి, తరవాత నా మొహం చూశారు."

నఫీసా చేతులు ఒడిలో పెట్టుకుంది.

"రాజ్యలక్ష్మి పెరుగు వడ్డిస్తూ, ఎడమచేత్తో బరువులు ఎత్తకూడదంట కదా అక్కా, జాగ్రత్త అంది. బంతినిండా జనం. ప్రేమగానే అంది. అదే బాధ."

"తప్పు నాదండీ," అంది నౌషీన్, గది గుమ్మంలోంచి. "అమ్మకి తెలీదు."

"తెలుసులే. అక్కడ నీ పేరు అందరికంటే పైన ఉంది. హారిక చూపించింది."

నౌషీన్ ముందుకొచ్చింది. రెండొందల కాపీలు పోయాయని, మిగిలినవాళ్లకి రాస్తున్నానని, రెండు మూడు కాపీల వాళ్లు అసలు జవాబివ్వట్లేదని, అవి ఎప్పటికీ ఉండిపోవచ్చని దాచకుండా చెప్పింది. అంతటితో ఆగలేకపోయింది. ఆ జేబు సంగతి కూడా చెప్పింది. సురబయలో, ఢాకాలో ఎవరెవరో ఆడవాళ్లు అది వేసుకుంటున్నారని, దానికి ఆమె పేరే పెట్టారని, మీ వల్ల వాళ్లకి మేలు జరిగిందని చెప్పింది. ఓదార్పు అవుతుందనుకుంది.

అన్నపూర్ణ అంతా విన్నది.

"వాళ్ల పేర్లేంటి?"

"తెలీదండీ. వులాన్ ఎవరి పేరూ ఎక్కడా రాయదు."

"బుద్ధిమంతురాలు," అంది అన్నపూర్ణ. "చూశావా అమ్మాయ్. ఆవిడ తన ఊరి ఆడవాళ్ల పేర్లు దాచుకుంది. దాచుకోడానికి నా పేరు అడ్డం పెట్టుకుంది. ఆ పేరు నువ్విచ్చావు."

నౌషీన్ తల దించుకుంది.

"మా అబ్బాయి రాజీవ్ బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు," అందావిడ నఫీసావైపు తిరిగి. "అప్పట్లో వాడికి పరీక్షలని ఆపరేషన్ సంగతి చెప్పలేదు. తరవాత చెప్పడానికి నోరు రాలేదు. హారిక వాడికీ పంపిందంట. అమ్మా ఇది నువ్వేనా అన్నాడు. నేను కాదురా, కుట్టేవాళ్లు ఎవరిదో నా పేజీలో రాసుంటారు అన్నాను. నమ్మాడో లేదో. ఎవరిదని అడిగాడు."

"ఏం చెప్పారు?"

"కనుక్కుని చెప్తానన్నాను."

అందుకే వచ్చింది. ఆ మాట ఆమె అడగలేదు, కాని వచ్చింది అందుకే.

నఫీసాకి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "నాదని చెప్పండి," అంది.

అల్లాబక్షు తలెత్తాడు.

"మన ఇద్దరిదీ ఒకటే కొలత కదండీ. నాకోసం రాసుకున్నది మీ పేజీలో పడిందని చెప్పండి. రాజీవ్ బాబుకీ చెప్పండి, రాజ్యలక్ష్మిగారికీ చెప్పండి. ఎవరడిగినా నేనూ అదే చెప్తా."

అన్నపూర్ణ ఆమెవైపు చాలాసేపు చూసింది. వద్దంటుందని నౌషీన్ ఎదురుచూసింది. ఇరవై ఏళ్లుగా వస్తున్న మనిషి. ఒక్కసారైనా వద్దంటుందనుకుంది.

ఆమె వద్దనలేదు.

"ఇంట్లో మీ ముగ్గురికీ తెలుసు," అంది. "అక్కడికి ఆగాలి. నాలుగోవాళ్లకి తెలిస్తే నాలుగు ఊళ్లకి తెలిసినట్టే."

"ఆగుతుందండీ."

"మీ పెద్దమ్మాయికి కూడా."

నఫీసా ఒక్క క్షణం తడబడింది. "దానిక్కూడా."

అన్నపూర్ణ లేచింది. గుమ్మం దగ్గర నౌషీన్‌ని చూసి, "నువ్వు రాసేచోట కూడా రాయాలి. మావాళ్లు చూసేది అక్కడే. మీ అమ్మ మాట నమ్మకపోయినా, కంప్యూటర్లో ఉంటే నమ్ముతారు," అని వెళ్లిపోయింది. అల్లాబక్షు ఆటో ఎక్కించడానికి వెంట వెళ్లాడు.

* * *

"నేను రాయలేనమ్మా."

"తెలుగులో కాకపోతే ఇంగ్లీషులో రాయి."

"అది కాదు. అబద్ధం రాయలేను. ఏడు దేశాల వాళ్లు నా మాట నమ్ముతారు."

"ఆ ఏడు దేశాల్లో నా దగ్గర జాకెట్టు కుట్టించుకునేవాళ్లు ఎవరే?" నఫీసా మిషను మీద గుడ్డ కప్పింది. "నిజం రాసినప్పుడు నన్నడిగావా? ఇది అబద్ధం. ఇది నేనడుగుతున్నా."

నౌషీన్ లాప్‌టాప్ తెరిచింది. ఈ నాలుగేళ్లలో ఆమె రాసిన ప్రతి మార్పుకీ కారణం రాసేది. చిన్న తప్పు దిద్దినా ఎవరు పట్టుకున్నారో పేరు పెట్టి చెప్పేది. అందరికీ నేర్పిన మర్యాద అది. ఇప్పుడు మూడు వాక్యాలు టైపు చెయ్యడానికి అరగంట పట్టింది.

సవరణ. మొదటి పేజీ చివర ఉన్న గమనిక ఆ పేజీలో ఉన్నావిడది కాదు. ఆ పుస్తకం రాసిన దర్జీ, మా అమ్మ నఫీసా, ఐదేళ్ల కిందట తనకోసం రాసుకున్నది. దయచేసి జేబు పేరు మార్చండి.

"నీ పేరు పెట్టాల్సొస్తుందమ్మా. ఎక్కిస్తే మళ్లీ తీయలేం. తెలుసుగా."

"ఇప్పుడు తెలుసు."

నౌషీన్ మీట నొక్కింది.

పది నిమిషాలకే ఒకటొకటిగా రాయడం మొదలుపెట్టారు. ఢాకా నుంచి, కొలంబో నుంచి, నేపాల్లో ఎప్పుడూ మాట్లాడని ఒక కుర్రాడి నుంచి. వులాన్ రెండు సార్లు రాసింది.

"ఏమంటున్నారు?" అంది నఫీసా.

"నీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు. వులాన్ వాళ్ల వీధిలో ఆడవాళ్లు నీకోసం దువా చేస్తున్నారంట."

నఫీసా కాసేపు ఆలోచించింది. "బాగుందని రాయి." మళ్లీ, "బాగుందంటే నమ్మరుగా. తగ్గిందని రాయి," అంది.

నౌషీన్ ఆ మాట సగం రాసేసరికి తల్లి ఫోన్ మోగింది. తెరమీద ఆలియా పేరు. 'కొలత'లో ఏ మార్పు జరిగినా ఆమె ఫోన్‌కీ కబురు వెళ్తుంది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

నఫీసా ఫోన్ ఎత్తింది. అవతల ఏడుపు ఈ గదిలోకి వినబడుతోంది.

"అమ్మా, నిజమేనా? చెల్లి రాసింది నిజమేనా?"

నఫీసా ఫోన్ చెవి మార్చుకుంది.

"ఐదేళ్లంటే... నా రెండో కాన్పు అప్పుడేగా? రాలేదు నువ్వు. ఆసుపత్రిలో మా అత్త నానా మాటలూ అంది. జాకెట్లే ఎక్కువైపోయాయి మీ అమ్మకి అంది. నేనూ అదే అనుకున్నానే అమ్మా. ఐదేళ్లు నిన్ను తిట్టుకున్నాను. అందుకేనా రాలేదు?"

ఆ నెల పెళ్లిళ్ల నెల. నఫీసా బందరు దాటలేదు. జాకెట్ల కోసమే వెళ్లలేదు. ఈ సంగతి నౌషీన్‌కి తెలుసు, నఫీసాకి తెలుసు.

"అమ్మా, నువ్వు చెప్పకపోయినా నేను అడగాల్సింది. చెప్పమ్మా. అందుకేనా?"

నౌషీన్ చెయ్యి చాచింది, ఫోన్ ఇమ్మని. తనే చెప్పేద్దామనుకుంది. అక్కకి ఒక్కదానికి.

నఫీసా ఆ చెయ్యి పక్కకి తోసింది. కూతురి మొహంలోకి చూస్తూనే ఫోన్లో మాట్లాడింది.

"అవునే తల్లీ," అంది. "అందుకే."

"సాయంత్రం బస్సుకి వస్తున్నా," అంది ఆలియా. "నేనే చూసుకుంటా నిన్ను. డాక్టరు కాగితాలన్నీ తీసి పెట్టు."